ఉమ్మడి అత్యవసర డిస్పాచ్ కేంద్రంలో మా నగరం చేరాలా, వద్దా?

ప్రశ్న

పోలీసు, అగ్నిమాపక, అంబులెన్స్ కాల్స్‌ను మా నగరం ఇప్పటిదాకా తన సొంత కంట్రోల్ రూమ్‌లోనే తీసుకుంటోంది. ఇకపై ఆ పనిని చుట్టుపక్కల పట్టణాలన్నీ కలిసి నడిపే ఉమ్మడి కేంద్రానికి అప్పగించాలన్న ప్రతిపాదన త్వరలో నగరపాలక మండలి ముందుకు రానుంది. దాన్ని పరిశీలించే పౌరుల కమిటీలో నేను సభ్యుణ్ణి. మా కంప్యూటర్ వ్యవస్థ, రేడియో పరికరాలు పాతబడిపోయాయి కాబట్టి, కొత్తవాటి ఖర్చును నలుగురితో పంచుకోవడమే మేలని అధికారులు చెబుతున్నారు. ఊరి సందుగొందులు తెలియనివారు ఫోన్ ఎత్తితే నష్టపోయేది ప్రజలేనని సిబ్బంది అంటున్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉన్నట్టే తోస్తోంది. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి ఏ పద్ధతిలో సాయం త్వరగా అందుతుందో తేల్చుకోవాలంటే మేము ముందుగా ఏమి అడగాలి? ఈ పని చేసినవారు చెబితే ఎంతో ఉపకారం.

మొదటి జవాబు

నేను పదకొండేళ్లు ఒక చిన్న నగరపు కంట్రోల్ రూమ్‌లోనూ, తర్వాత ఆరేళ్లు ఉమ్మడి కేంద్రంలోనూ పనిచేశాను. ముందుగా అడగవలసింది ఒక్కటే: రాత్రి మూడు గంటలకు మీ కంట్రోల్ రూమ్‌లో ఎంతమంది ఉంటారు? ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదంటే వారానికి 168 గంటల పని. ఒక్కొక్కరు 40 గంటలు చేసినా నలుగురు చాలరు. సెలవులు, శిక్షణ, జబ్బులు కలుపుకుంటే ఐదుగురు కావాలి. రెండు కుర్చీలకు పదిమంది అవుతారు. అంతమందిని పెట్టుకోలేని నగరాలు రాత్రిపూట ఒక్కరితోనే నెట్టుకొస్తాయి.

అలా నేను ఒక్కదాన్నే ఉన్న ఒక రాత్రి, భర్త కుప్పకూలిపోయాడని, ఊపిరి ఆడడం లేదని ఒకావిడ ఫోన్ చేసింది. అంబులెన్స్‌ను పంపి, ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి నేల మీద ఉంచమని, ఛాతీ నడుమ రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కమని చెప్పి, ఆవిడతో పాటు నేనూ బిగ్గరగా లెక్కపెట్టసాగాను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. అంతలో రెండో లైను మోగింది. ఆపకండి, ఇప్పుడే వస్తానని ఆవిడకు చెప్పి ఆ ఫోన్ ఎత్తాను. అది రోడ్డు ప్రమాదం. చోటు కనుక్కుని, బండిని పంపి తిరిగి వచ్చేసరికి లెక్క ఆగిపోయింది, ఏడుపు వినిపిస్తోంది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టించాను. ఉమ్మడి కేంద్రంలో చేరాక ఇలాంటి కాల్ వస్తే నేను లెక్క ఆపవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే బండిని పంపే పని పక్క కుర్చీలోనివారు చూసుకునేవారు, మోగే లైనును ఇంకొకరు అందుకునేవారు.

సందుగొందుల మాట నిజమే. ఆపదలో ఉన్నవారు ఇంటి నంబరు చెప్పరు, ఎప్పుడో కూల్చేసిన మిల్లు వెనక వీధి అంటారు. అయితే ఆ తెలివిడి ఒకరిద్దరి బుర్రల్లోనే ఉంటే, వారు సెలవు పెట్టిన రోజు ఊరికి అది లేనట్టే. చేరే ముందే ఆ వాడుక పేర్లన్నీ ఉమ్మడి కేంద్రం మ్యాపులోకి ఎక్కించాలన్న షరతు పెట్టండి.

రెండవ జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను గాని, తొందర పడవద్దని గట్టిగా చెప్పదలిచాను. ఇంగ్లండ్‌లో 46 అగ్నిమాపక కంట్రోల్ రూమ్‌ల స్థానంలో 9 ప్రాంతీయ కేంద్రాలు పెట్టాలని 2004లో మొదలుపెట్టిన పథకాన్ని 2010 డిసెంబరులో రద్దు చేశారు. కంప్యూటర్ వ్యవస్థ అనుకున్న సమయానికి రాలేదు, స్థానిక అగ్నిమాపక సంస్థల మద్దతూ దక్కలేదు, కనీసం 46.9 కోట్ల పౌండ్లు వృథా అయ్యాయని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్క తేల్చింది. స్కాట్లండ్‌లో పోలీసు కంట్రోల్ రూమ్‌ల విలీనం సాగుతున్న రోజుల్లో, 2015 జులైలో, రోడ్డు పక్కకు దూసుకుపోయిన ఒక కారు గురించి ఎవరో ఫోన్ చేసి చెప్పినా ఆ సమాచారం కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. మూడు రోజుల తర్వాత పోలీసులు అక్కడికి వెళ్లేసరికి కారులోని ఇద్దరిలో ఒకరు చనిపోయి ఉన్నారు, రెండోవారు ఆ తర్వాత ఆసుపత్రిలో మరణించారు. విలీనమే తప్పని నేను అనడం లేదు. ఫిన్లాండ్ తన 15 కేంద్రాలను 6కు తగ్గించుకుని నడుపుతోంది. కొత్త వ్యవస్థ కుదురుకున్నదని రుజువయ్యేదాకా పాత గదికి తాళం వేయకండి.

మూడవ జవాబు

ఒక పట్టణం తరఫున ఇలాంటి ఒప్పందం రాయడంలో పాలుపంచుకున్నాను. మేము పొరబడింది వాటాల దగ్గర. కాల్స్ సంఖ్యను బట్టి వాటా కట్టాలని ఒప్పుకున్నాం. పోలీసులు తమంతట తాము ఆపి తనిఖీ చేసే ప్రతి వాహనమూ ఒక కాల్ కిందే లెక్కకు వస్తుందని మొదటి బిల్లు వచ్చాక గాని తెలియలేదు. ఏది లెక్కలోకి వస్తుందో, ఏది రాదో ముందే రాయించుకోండి. పాలకమండలిలో మీకు ఓటు ఉంటుందా, లేక మీరు డబ్బు కట్టే ఖాతాదారు మాత్రమేనా, బయటికి రావాలనుకుంటే ఎంత ముందుగా చెప్పాలి అన్నవి కూడా అందులో ఉండాలి.

మీ డిస్పాచర్లు, అంటే కాల్ తీసుకుని బండిని పంపే సిబ్బంది, ఫోన్లు ఎత్తడంతోనే సరిపెట్టరని మరవకండి. రాత్రి స్టేషన్‌కు వచ్చినవారికి తలుపు తీసేది, లాకప్ కెమెరాలను గమనించేది, వారెంట్లను వెతికి చెప్పేది చాలాచోట్ల వారే. ఉమ్మడి కేంద్రం ఆ పనులు చేయదు. వాటికి మనుషులను పెట్టుకుంటే, ఆదా అవుతుందన్న సొమ్ములో ఎంత మిగులుతుందో ఇప్పుడే లెక్క వేయించండి.

వేగం సంగతికి వస్తే, 90 శాతం కాల్స్‌ను 15 సెకన్లలోపు ఎత్తాలన్నది అమెరికాలో అత్యవసర నంబరు 911 కాల్స్ తీసుకునే కేంద్రాలు పాటించే ప్రమాణం. మీరు మాత్రం అక్కడితో ఆగక, ఫోన్ మోగినప్పటి నుంచి బండి కదిలేదాకా పట్టే సమయాన్ని రెండు చోట్లా అడగండి. కాల్ ఒక కేంద్రం నుంచి ఇంకొక కేంద్రానికి మారి, చిరునామా రెండోసారి చెప్పవలసి వచ్చే చోటే విలువైన సెకన్లు పోతాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ వాకబు చేశాను. మా దగ్గర అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఉండేది ఒక్కరే. ఈ సంగతి ప్రతిపాదనలో ఎక్కడా లేదు. మొదటి జవాబు రాసినవారికి చిన్న ప్రశ్న: వాడుక పేర్ల జాబితాను మీరు ఎలా సేకరించారు?

మొదటి జవాబు రాసినవారు

పదవీ విరమణ చేసిన డిస్పాచర్లను, పోస్ట్‌మ్యాన్లను, అంబులెన్స్ డ్రైవర్లను కూర్చోబెట్టి, గోడకు పెద్ద మ్యాపు తగిలించి, ఒక్కొక్క వీధినీ ఏమని పిలుస్తారో అడిగి రాసుకున్నాం. ఐదు నెలలు పట్టింది. మండలి నిర్ణయం కోసం ఆగకండి, ఆ జాబితా మీ సొంత కంట్రోల్ రూమ్‌కు కూడా పనికొస్తుంది.