సైకిల్ మీద పోచంపల్లి: పట్టు నేసే ఇంట్లో కూర్చుని చూడనిస్తారా?

ఈ ఆదివారం నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా సైకిల్ మీద భూదాన్ పోచంపల్లి వెళ్దామనుకుంటున్నా. షాపులో చీరలు కాదు, ఇంట్లో నేసేది చూడాలని ఉంది. తెలియనివాళ్ల ఇంటికి వెళ్తే ఏమైనా అనుకుంటారా?

జవాబు: ఏమీ అనుకోరు బ్రో, నేను రెండుసార్లు వెళ్లా. హైవే మీద లారీలే టెన్షన్, వెనక లైటు పెట్టుకుని చీకటితోనే బయల్దేరు.

జవాబు: మాది నేత ఇల్లే తమ్ముడూ. చెప్పులు బయట విడిచి, అడిగి లోపలికి రా. మగ్గం ఒక్కటే చూసి వెళ్లిపోకు, అసలు కష్టం ఆసు దగ్గరుంది, అంటే నేతకి ముందు పోగు సిద్ధం చేసే పని. సగం చందమామలా ఉండే చట్రం మేకుల చుట్టూ పట్టు పోగు తిప్పాలి, ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ పోతుంది, మా అమ్మకి భుజం నొప్పితో రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ బాధ చూడలేకే లక్ష్మీ ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది, మాకైతే ఆయన దేవుడితో సమానం. ఆసు పోశాక గుర్తు పెట్టిన చోటల్లా పాత సైకిల్ ట్యూబు పీలికలతో బిగించి కడతాం, రంగులో ముంచినా అక్కడికి ఎక్కదు, డిజైన్ అలాగే వస్తుంది.

అడిగినవారు: థాంక్స్ అక్కా! మా ఇంట్లో పాత ట్యూబులు రెండున్నాయి, తేనా?

జవాబు: తప్పకుండా తీసుకురా.