సమస్యాపూరణం: చలువ కాల్చె మంట చల్లబఱచె

తాటాకు (నిర్వహణ):
అందరికీ నమస్కారం. సమస్య అంటే నేను ఇచ్చే చివరి పాదం, పైన మూడు పాదాలు మీరు రాసి దానికి అర్థం కుదర్చాలి. ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

చలువ కాల్చె మంట చల్లబఱచె

కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆటవెలది అంటే మనందరికీ నోటికొచ్చిన వేమన పద్యాల నడకే. గణం అంటే లఘువుల (పొట్టి అక్షరాల), గురువుల (పొడుగు అక్షరాల) గుంపు, సూర్యగణాలు చిన్నవి, ఇంద్రగణాలు పెద్దవి. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. ప్రాస అక్కర్లేదు, యతి మాత్రం, అంటే పాదం మొదటి అక్షరానికి జోడీ, నాలుగో గణం మొదటి అక్షరానికి కుదరాలి, కుదరకపోతే ప్రాసయతి, అంటే రెండో అక్షరాల జోడీ, వేసుకోవచ్చు. పై పాదంలో చలువకీ చల్లకీ యతి.

ఈసారి ఒక షరతు పెడుతున్నా. చలువ కాల్చడమేంటి, మంట చల్లబరచడమేంటి, ఈ ముడి మీ పద్యంలో ఏ అలంకారంతో విడిందో కింద ఒక వాక్యం రాయండి. పేరు తెలియకపోతే పర్లేదు, ఏం జరిగిందో చెప్తే చాలు, పేరు మనందరం కలిసి పెడదాం. పరీక్షల కోసం అలంకారాల లక్షణాలు బట్టీ పట్టి మర్చిపోయినవాళ్ళే మనలో ఎక్కువ, పూరణ రాసేటప్పుడు మాత్రం అవి పనిముట్లలాగా చేతికి దొరుకుతాయి, అది మీ అందరికీ అనుభవంలోకి రావాలని నా కోరిక.

గోదారిగట్టు:
మేష్టారూ, సమస్య చూడగానే సుందరకాండ గుర్తొచ్చిందండి.

సీత కంటి నీరు చిందిన లంకలో
గోపురాలు కాలి కూలె నపుడు
తోక కంటుకొన్న దోచదు తాపమ్ము
చలువ కాల్చె మంట చల్లబఱచె

హనుమంతుడి తోకకి నిప్పు పెట్టారని తెలిసి సీతమ్మ అగ్నిని వేడుకుంటుంది కదా, హనుమంతుడికి చల్లగా ఉండమని. అందుకే మంట చల్లబరిచింది. లంకని కాల్చింది అసలు నిప్పు కాదు, ఆవిడ కన్నీళ్ళు. విరోధాభాసం అనుకుంటున్నా.

తాటాకు:
చాలా బావుంది. సీకి చిం, గోకి కూ, తోకి దో, మూడు యతులూ శుభ్రంగా పడ్డాయి. పద్యంలో హనుమంతుడి పేరే లేదు చూశారా, తోక అన్న ఒక్క మాటతో మనిషి మొత్తం కళ్ళముందుకొచ్చాడు. పేరు పెట్టాలని మళ్ళీ దిద్దకండి, చెడిపోతుంది.

అలంకారం దగ్గర కొంచెం ఆగుదాం. విరోధాభాసంలో రెండు మాటలు పైకి కొట్టుకుంటున్నట్టు ఉంటాయి, అర్థం తెలిశాక విరోధమే లేదని తేలుతుంది. మీ పద్యంలో అలా కాదు, నీరు నిజంగానే కాల్చిందని మీరు అంటున్నారు, ఆ విరోధం అలాగే నిలబడాలి, నిలబడితేనే అందం. కారణానికి విరుద్ధమైన కార్యం పుట్టడం విభావనలో ఒక రకం. అప్పయ్య దీక్షితులు కువలయానందం అనే అలంకార గ్రంథంలో దీనికి ఇచ్చిన ఉదాహరణ కూడా మన సమస్యకి చుట్టమే, చంద్రుడి చల్లని కిరణాలు ఆ అమ్మాయిని తపింపజేస్తున్నాయి అని. కాబట్టి విభావన అందాం.

మానేరు:
ఆ చంద్రుడినే నేను పట్టుకొచ్చిన సార్.

ప్రియుడు లేని రాత్రి వెన్నెల నిప్పాయె
వచ్చె నతని లేఖ పసిడి పలుకు
ఎదను రెండు జరిగె నేక కాలమ్మున
చలువ కాల్చె మంట చల్లబఱచె

వెన్నెల చలువ కాల్చింది, లేఖ వచ్చి లోపలి మంటని చల్లబరిచింది. మంటని అని కర్మ చేసిన, మంట అని కర్త కాదు.

గోదారిగట్టు:
అన్నా, కర్తని కర్మ చెయ్యడం అదిరింది, సమస్య సగం అక్కడే విడిపోయింది. కానీ పసిడి పలుకు గణాలు నింపడానికి వచ్చి కూర్చున్నట్టుంది. లేఖ వచ్చినంత మాత్రాన మంట ఎందుకు చల్లారాలి? రానని రాసి ఉంటే?

తాటాకు:
మంచి ప్రశ్న. రెండో పాదం ఇలా చూడండి: వచ్చె నతని లేఖ వత్తు ననుచు. వస్తున్నానని రాశాడు, అందుకని చల్లారింది. యతికి యతి, కారణానికి కారణం.

కొత్తకలం:
సార్ నాదొక డౌట్, వెన్నెల నిప్పాయె అంటే ఉపమా రూపకమా? నాకు ఎప్పుడూ ఈ రెండూ కలిసిపోతాయి, ఇంకా ఉత్ప్రేక్ష కూడా వస్తే అసలు అర్థం కాదు.

తాటాకు:
ఆ వెన్నెలనే పెట్టుకుని చూద్దాం, వేరే ఉదాహరణ వద్దు. వెన్నెల నిప్పులా ఉంది అంటే ఉపమ, పోలిక బయటికి చెప్పేశాం. వెన్నెల నిప్పు, లేదా వెన్నెల నిప్పయింది అంటే రూపకం, రెండిటికీ భేదం లేదన్నాం. ఈ వెన్నెల నిప్పేమో అని ఊహిస్తే ఉత్ప్రేక్ష. ఇది వెన్నెల కాదు నిప్పే అంటే అపహ్నవం, అసలుదాన్ని కాదనేశాం. వెన్నెలా నిప్పా అని తేల్చుకోలేకపోతే సందేహం. నిజంగా నిప్పే అనుకుని ఆ పిల్ల నీళ్ళు చల్లబోతే భ్రాంతిమంతం. వస్తువులు అవే రెండు, చెప్పేవాడి మనసు వాటి మధ్య ఎంత దూరం నడిచిందన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. మానేరు గారిది రూపకం.

కొత్తకలం:
ఇప్పుడు వెలిగింది సార్, థాంక్యూ. నా మొదటి పద్యం పెడుతున్నా, తప్పులుంటే నిర్మొహమాటంగా చెప్పండి.

ఎండకాలమందు ఏసీని వేయగా
కరెంటు బిల్లు వచ్చె కంటతడిగ
జేబు నొడలు రెండు చెప్పె సాక్ష్యమ్ములు
చలువ కాల్చె మంట చల్లబఱచె

ఏసీ చలువ జేబుని కాల్చింది, ఒంటి మంటని చల్లబరిచింది.

మానేరు:
తమ్మీ భావం మస్తుగుంది, మూడో పాదం ఎవ్వలైనా మెచ్చుకోవాలె. జేబు, ఒడలు అని వరసగా చెప్పి కింద కాల్చె, చల్లబఱచె అని అదే వరసలో అందుకున్నవు, దీన్నే క్రమాలంకారం అంటరు, యథాసంఖ్యం అని కూడా. రెండో పాదంల గణం తప్పింది. క లఘువు, రెం గురువు, టు లఘువు, అంటే జగణం. సూర్యగణాలల్ల గానీ ఇంద్రగణాలల్ల గానీ లఘువు వెంటనే గురువుతోని మొదలయ్యే గణం ఒక్కటి లేదు, అందుకే కరెంటు అన్న మాట ఈ పద్యంల ఎక్కడా గణం మొదట్ల కూర్చోదు.

తాటాకు:
ఆ మాట తీసేస్తే సరి, బిల్లు అంటే ఏ బిల్లో ఏసీ పక్కన ఉంటే అందరికీ తెలుస్తుంది. ఇంకోటి, మందు ఏసీ అని అచ్చుని విడిగా వదలకుండా మందు నేసీ అనండి, అందున్ అని చివర ద్రుతం, అంటే దాగి ఉన్న న్, ఉంది కాబట్టి నకారం న్యాయంగానే వస్తుంది. మూడోది నా ఇష్టం మాత్రమే, జేబు బదులు చేయి అని పెట్టి చూడండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన సామెత, నష్టపోయినవాణ్ణి చెయ్యి కాలిందనే అంటాం. యతి కూడా చే, చె అని ఇంకా దగ్గరగా పడుతుంది.

ఎండకాలమందు నేసీని వేయగా
బిల్లు వచ్చి గుండె బెదిరి పోయె
చేయి నొడలు రెండు చెప్పె సాక్ష్యమ్ములు
చలువ కాల్చె మంట చల్లబఱచె

మొదటి పద్యానికే క్రమాలంకారం కుదిరింది, వదలకుండా రాయండి.

డాలస్ తెలుగమ్మాయి:
నాది శ్లేష మేష్టారూ, ఒకే మాటకి రెండు అర్థాలు. మా అమ్మమ్మ చలువ చీరలు అంటుంది, ఉతికి ఆరేసి మడత పెట్టినవి.

ఇస్త్రిపెట్టె కింద నేమరుపాటున
చెంగు మాడె నయ్యొ చేయి కాలె
ఎవరి నేమనందు నిస్త్రియు జన్నీరు
చలువ కాల్చె మంట చల్లబఱచె

ఇస్త్రీ చలువని కాల్చింది, చన్నీళ్ళు మంటని చల్లబరిచాయి. ఇందులో కూడా క్రమం ఉంది కదా?

గోదారిగట్టు:
క్రమం ఉంది, అందంగా ఉంది. నా అభ్యంతరం ఒక్కటేనండి. చలువ చీర అంటే ఉతికిన చీర, ఒప్పుకుంటా, మరి ఒట్టి చలువ అంటే చీర ఎలా అవుతుంది? ఉతుకు అనే గుణమే కదా మిగిలేది.

తాటాకు:
ఇక్కడ మన పెద్దలు చెప్పిన లక్షణ, అంటే మాట అసలు అర్థం వదిలి దానితో సంబంధమున్న అర్థం తీసుకోవడం, పనికొస్తుంది. గంగలో గొల్లపల్లె అంటే నీళ్ళల్లో ఊరు ఉండదు కాబట్టి గంగ ఒడ్డున అని తీసుకుంటాం. కావ్యశాస్త్రం రాసిన మమ్మటుడు దీనికి మూడు కావాలన్నాడు, అసలు అర్థం పొసగకూడదు, కొత్త అర్థానికి దానితో సంబంధం ఉండాలి, వాడుకో ప్రయోజనమో ఒకటి ఉండాలి. ఇస్త్రీపెట్టె ఉతుకుని కాల్చలేదు, ఉతుకుకీ చీరకీ సంబంధం ఉంది, చలువ చీర అనే వాడుక ఉంది. మూడూ ఉన్నాయి, పూరణ నిలుస్తుంది. పైగా రెండో పాదంలో చెంగు అని ముందే చెప్పి దారి వేసింది. పాఠకుణ్ణి మెల్లగా అక్కడికి తీసుకెళ్ళి వదలడం తెలిసిన చెయ్యి ఈ అమ్మాయిది.

బెంచీ చివర:
నేను సైన్సు చెప్తాను, అలంకారం లేకుండానే పూరించాను, ఒప్పుకుంటారో లేదో.

చేతి వేళ్ళు కమిలె శీతల మంచుతో
పాత ఫ్రిజ్జు చలికి పాలు నిలిచె
కిరసనాయి లొత్తి కింద వెలుంగగా
చలువ కాల్చె మంట చల్లబఱచె

మంచు అంటే ఇక్కడ డ్రై ఐస్, గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. మైనస్ 78 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఉత్త చేత్తో పట్టుకుంటే నిప్పు అంటుకున్నట్టే చర్మం కమిలిపోతుంది. ఇక కిరసనాయిలు ఫ్రిజ్జులు కరెంటు లేని చోట్ల టీకా మందులు దాచడానికి వాడేవాళ్ళు. కింద దీపం వెలుగుతుంటే ఆ వేడికి నీళ్ళలో కలిసున్న అమోనియా ఆవిరై పైకి వచ్చి, చల్లబడి ద్రవమై, మళ్ళీ లోపల ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది. మంటే చల్లబరుస్తుంది, అక్షరాలా.

మానేరు:
సార్ ఇది విన్నంక నాకు సమస్యనే సమస్యలెక్క అనిపిస్తలేదు!

గోదారిగట్టు:
కానీ ఇది కవిత్వమేనా అని అడగాలండి. పొద్దు గుంకింది, చంద్రుడొచ్చాడు, పక్షులు గూళ్ళకి పోతున్నాయి అన్న మాటల్ని పాత ఆలంకారికుడు భామహుడు కవిత్వం కాదు వార్త అని తోసేశాడు కదా.

తాటాకు:
భామహుడు అలా అన్నాడు, మరో ఆలంకారికుడు దండి మాత్రం స్వభావోక్తినే మొదటి అలంకారం అన్నాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పినా, మనం చూసీ చూడకుండా దాటేసినదాన్ని చూపిస్తే అది అలంకారమే. దీపం కింద వెలుగుతుంటే పైన పాలు చెడకుండా ఉండటం ఎంతమంది గమనించాం? నా ఓటు దండికే. శీతల మంచు మాత్రం పునరుక్తి, మంచు చల్లగా కాక ఎలా ఉంటుంది. చేతి వేళ్ళు కమిలె చిఱు పొడిమంచుతో అంటే దోషం పోతుంది, డ్రై ఐస్ అని కూడా తెలిసిపోతుంది.

తుంగభద్ర:
ఆలస్యంగా వచ్చినా. ఇది మా ఇంట్లో జరిగిందే.

తీపి మాటలాడి తెల్లారు లోపల
కొంప ముంచినాడు కొత్తవాడు
తిట్టినట్టి యన్న తీర్చెను నా బాకి
చలువ కాల్చె మంట చల్లబఱచె

డాలస్ తెలుగమ్మాయి:
అక్కా, ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు ఇదే బాగా తగిలింది. చలువ అంటే వాడి తీపి మాటలు, మంట అంటే తిట్టిన అన్న, ఆ పేర్లు చివరి పాదంలో ఎక్కడా లేవు. రూపకాతిశయోక్తి కదా మేష్టారూ?

గోదారిగట్టు:
నాకు అనుమానమే. రూపకాతిశయోక్తిలో ఉపమేయాన్ని, అంటే మనం వర్ణించే అసలు వస్తువుని, పూర్తిగా మింగెయ్యాలి, కలువల జతలోంచి వాడి బాణాలు వస్తున్నాయి అంటే కళ్ళనీ చూపులనీ మనమే పట్టుకోవాలి. ఇక్కడ కొత్తవాడూ అన్నా పైపాదాల్లో కూర్చునే ఉన్నారు. ఏనుగుల్లాంటి పాండవులు దోమలాంటి విరటుడి కొలువులో చేరారని చెప్పే, దోమకుత్తుకలో ఏనుగులు జొచ్చాయన్న పాత పూరణలో కూడా పాండవులూ విరటుడూ పైన పేర్లతోనే ఉన్నారు, దాన్నెవరైనా రూపకాతిశయోక్తి అంటారా?

తుంగభద్ర:
నాలుగో పాదం లోకనీతి మాదిరి ఉందని అర్థాంతరన్యాసం అనుకుంటి నేను.

తాటాకు:
ఈ చర్చ కోసమే ఆ షరతు పెట్టింది. అర్థాంతరన్యాసం కావాలంటే చివరి పాదం లోకమంతటికీ వర్తించే మాట కావాలి, చలువ కాల్చును అన్నట్టు ఉండాలి. మనది కాల్చె, అయిపోయిన ఒక్క సంగతి. కాబట్టి అది కాదు. ఇక మింగడం సంగతి. గోదారిగట్టు గారు పద్యం మొత్తాన్ని చూస్తున్నారు, ఆ అమ్మాయి చివరి వాక్యాన్ని చూస్తోంది. ఆ వాక్యం తనంతట తాను పూర్తయింది, అందులో ఉపమేయం లేదు, పైపాదాలు మనకి తాళం చెవి ఇచ్చాయంతే. నేను రూపకాతిశయోక్తి అనే అంటాను. ఏనుగుల పద్యానికీ నా లెక్క ఇదే. సమస్యాపూరణంలో ఈ అలంకారం ఎక్కువగా ఇలాగే వస్తుంది, ఎందుకంటే ఇచ్చిన పాదంలో మనం వేలు పెట్టలేం, చెప్పాల్సిందంతా పైన మూడిట్లోనే చెప్పాలి.

గోదారిగట్టు:
ఆ చివరి మాట ఒప్పుకుంటున్నా. పేరు మీద నా అనుమానం నాకుంది, పద్యం మాత్రం నా నోట్‌బుక్కులో రాసుకున్నా తుంగభద్ర గారూ.

తాటాకు:
ఉండనివ్వండి, అనుమానం ఉన్నవాళ్ళే మళ్ళీ పుస్తకం తీస్తారు. వచ్చే వారానికి తేటగీతి, ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు, యతి నాలుగో గణం మీద:

దీప మార్పిన పిమ్మట తెలిసె దారి

ఈసారి శ్లేష వాడకూడదు. కొత్తకలం, నీ పూరణ ముందు రావాలి.