లాంగ్వేజ్ కోర్సు వీసా మీద జర్మనీ వెళ్తే చట్టప్రకారం ఎన్ని గంటలు పని చేసుకోవచ్చు?

కావలి_అక్క:
మా తమ్ముడు ఒంగోల్లో బీటెక్ మెకానికల్ చేశాడు. రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉంది, జర్మన్ ఏ1 (మొదటి మెట్టు) పాసయ్యాడు. ఆరు నెలల ఇంటెన్సివ్ జర్మన్ కోర్సుకి అక్కడికే పోవాలనుకుంటున్నాడు. నెల్లూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు "ఏడాదికి 140 రోజులు ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు, ఖర్చులన్నీ అందులోనే గడిచిపోతాయి" అంటున్నారు. ఇది నిజమేనా? డబ్బు ఎంత చూపించాలి? పోయాక ముందు ఏం చేసుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పెన్నా_గట్టు:
అక్కా, 140 రోజుల లెక్క మీ తమ్ముడికి వర్తించదు. అది యూనివర్సిటీలో చేరినవాళ్లది, అంటే నివాస చట్టంలో 16బీ సెక్షన్. వాళ్లకి ఏడాదికి 140 పూర్తి రోజులు గానీ 280 అర రోజులు గానీ ఇస్తారు. ఒట్టి భాషా కోర్సుకి పోయేవాళ్లకి 16ఎఫ్ కింద వీసా వస్తుంది. దానికి వారానికి 20 గంటలే. ఈ 20 గంటలు కూడా 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన వెసులుబాటే. అందుకే పాత వీడియోల్లో "అసలు పనే చేయకూడదు" అని ఉంటుంది, కొత్తవాటిలో యూనివర్సిటీ లెక్క తెచ్చి దీనికి అంటగడుతున్నారు.

అన్నిటికన్నా ముఖ్యం, వీసా స్టిక్కర్ మీద, తర్వాత నివాస కార్డుతో ఇచ్చే కాగితం మీద పని గురించి రాసిన వాక్యం చదవండి. అక్కడ ఏముంటే అదే చెల్లుతుంది. పనిలో పెట్టుకునేవాళ్లు ఆ కాగితం చూసి నకలు దాచుకోవాలని చట్టం. "పర్లేదు, నకలు అక్కర్లేదు" అనేవాళ్ల దగ్గర చేరొద్దు. హోటళ్లలో కస్టమ్స్ శాఖ వాళ్లు చెప్పాపెట్టకుండా తనిఖీకి వస్తారు. చేతికి డబ్బిచ్చే పనిలో దొరికితే పర్మిట్‌కే ఎసరు.

ఇంకోటి, అనుమతి జీతం మీద చేసే ఉద్యోగానికే. ఫ్రీలాన్సు, సొంతంగా బిల్లు వేసే పనులు ఇందులోకి రావు. ప్రకటనల్లో "వెర్క్‌ష్టుడెంట్" (చదువుకుంటూ చేసే ఉద్యోగం) అని కనిపించేవి యూనివర్సిటీ విద్యార్థులకి మాత్రమే. వాటికి అప్లై చేసి టైమ్ పోగొట్టుకోవద్దు.

ఒంగోలు_లెక్కలు:
డబ్బు సంగతి నేను చెప్తా. యూనివర్సిటీకి పోయేవాళ్లు బ్లాక్డ్ అకౌంట్లో (నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతా) నెలకి 992 యూరోల లెక్కన చూపిస్తారు. భాషా కోర్సుకి దానిమీద పది శాతం ఎక్కువ, నెలకి 1,091. ఆరు నెలలకి 6,546 యూరోలు. కోర్సు ఫీజు, విమానం, ఇన్సూరెన్స్ వేరే. అక్కడ సంపాదించబోయే డబ్బుని ఈ లెక్కలో కలుపుకోరు, మీరూ కలుపుకోవద్దు.

2026లో కనీస వేతనం గంటకి 13.90 యూరోలు. వారానికి 20 గంటలూ దొరికితే నెలకి సుమారు 1,200 యూరోలు, కోతలకి ముందు. కానీ ఏ1 భాషతో 20 గంటలు దొరకడం కష్టం. బేకరీలో కౌంటర్ దగ్గర నిలబడాలన్నా వచ్చినవాళ్లు అడిగింది అర్థం కావాలి. గిన్నెలు కడగడం, గోడౌన్, క్లీనింగ్ లాంటివే మిగుల్తాయి.

చాలామంది దెబ్బతినేది ఇన్సూరెన్స్ దగ్గర. భాషా విద్యార్థికి ప్రభుత్వ బీమాలో స్టూడెంట్ రేటు ఉండదు, ప్రైవేటు పాలసీతో పోవాలి. నెలకి 603 యూరోలలోపు సంపాదిస్తే దాన్ని మినీజాబ్ అంటారు. అంటే నెలకి 43 గంటలు, ఆ ప్రైవేటు పాలసీయే నడుస్తుంది. 603 దాటితే ఉద్యోగి కింద ప్రభుత్వ బీమాలోకి రావాల్సిందే, జీతంలో కోత మొదలవుతుంది. 2,000 లోపు జీతానికి పూర్తి రేటు పడదు. అది నష్టమేం కాదు, పైగా బీమా గట్టిది. కాకపోతే ముందే కట్టిన ప్రైవేటు పాలసీని మధ్యలో ఆపుకునే వీలుందో లేదో కొనేముందే చూసుకోండి.

జర్మన్_బీ2:
వీసా ఫైలు గురించి. కోర్సు వారానికి కనీసం 18 క్లాసులు ఉండాలి, సాయంత్రం బ్యాచ్, శని ఆదివారాల బ్యాచ్ చెల్లవు. ఒక్కో క్లాసు 45 నిమిషాలు. స్కూలు ఇచ్చే లెటర్లో వారానికెన్ని క్లాసులో, మొదలు తేదీ, ముగింపు తేదీ, ఫీజు కట్టినట్టు అన్నీ ఉండాలి. వీసా రాకపోతే ఎంత వెనక్కిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. ఆంధ్రా వాళ్లకి చెన్నై కాన్సులేటే. అక్కడ అడిగే ముఖ్యమైన ప్రశ్న "ఈ భాష ఇండియాలో ఎందుకు నేర్చుకోవడం లేదు, నేర్చుకుని ఏం చేస్తావు" అని. మోటివేషన్ లెటర్లో దీనికి సూటిగా జవాబు లేకపోతే రిజెక్షన్ రావచ్చు.

దిగాక వరస ఇది. ఇల్లు మారిన రెండు వారాల్లోపు టౌన్ ఆఫీసులో అడ్రస్ రిజిస్టర్ చేయించాలి, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం లేకుండా చేయరు. అద్దె ఒప్పందం ఒక్కటే సరిపోదు. కాబట్టి "రిజిస్ట్రేషన్ కుదరదు" అనే గది ఎంత చవకైనా వద్దు. అది అయ్యాక ట్యాక్స్ నంబరు పోస్టులో వస్తుంది. అక్కడ చాలా ఇళ్లకి ఫ్లాట్ నంబర్లుండవు, పోస్ట్‌మ్యాన్ డబ్బా మీద పేరు చూసే వేస్తాడు. పేరు అంటించకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. ట్యాక్స్ నంబరు ఇవ్వకపోతే పనిచ్చిన యజమాని చివరికి ఆరో ట్యాక్స్ క్లాసులో, అంటే ఎక్కువ పన్ను పడే వర్గంలో, కోస్తాడు. ఒకటో ట్యాక్స్ క్లాసులో ఇంత జీతానికి పన్ను దాదాపు పడదు.

మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. బ్లాక్డ్ అకౌంట్, స్కూలు లెటర్, అద్దె కాగితం, డబ్బా మీద పేరు అన్నీ పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతోనే ఉండాలి.

వంట, బేకరీ పనికైతే చేరకముందే ఆరోగ్య శాఖ వాళ్ల పరిశుభ్రత శిక్షణ సర్టిఫికెట్ కావాలి. మొదటిసారి పనిలో చేరేనాటికి అది మూడు నెలలకన్నా పాతదై ఉండకూడదు.

కావలి_అక్క:
చాలా థ్యాంక్స్ అండీ. మరి ఛాన్సెన్‌కార్టె అని ఉద్యోగం వెతుక్కునే వీసా ఇంకోటి ఉందంట కదా, వాడికి అది నయమా?

పెన్నా_గట్టు:
నయమే అక్కా. నన్నడిగితే అదే ముందు చూడమంటా. 2024 జూన్ నుంచి ఉంది, ఏడాదికి ఇస్తారు. దాంట్లోనూ వారానికి 20 గంటల పని, చూపించాల్సింది నెలకి 1,091 యూరోలే. కానీ ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చేదే గనక ఒక్కో కంపెనీలో రెండు వారాలదాకా ట్రయల్ పని చేసుకోవచ్చు, పక్కన భాషా క్లాసులకీ పోవచ్చు.

ముందు విదేశీ డిగ్రీల వివరాలుండే అనాబిన్ అనే జర్మన్ వెబ్‌సైటులో వాడి యూనివర్సిటీకి "హెచ్ ప్లస్" (గుర్తింపు ఉన్నట్టు) ఉందా, ఆ డిగ్రీ సమానమని ఉందా చూసి రెండు పేజీలూ ప్రింట్ తీయండి. రెండూ ఉంటే పాయింట్ల గొడవే లేదు. లేకపోతే ఆరు పాయింట్లు కావాలి. 35 ఏళ్లలోపుకి 2, గత ఐదేళ్లలో తన చదువుకి సంబంధించిన రెండేళ్ల అనుభవానికి 2, మెకానికల్ కొరత ఉన్న వృత్తి కాబట్టి 1. మొత్తం ఐదు. ఏ1కి పాయింటు లేదు, ఏ2కి 1 ఉంది. చెన్నై గోథె ఇన్‌స్టిట్యూట్‌లో ఏ2 పరీక్ష రాస్తే ఆరూ నిండుతాయి.