పెద్దవారందరూ ఒకేసారి ఆడగల ఆటలు సూచించగలరా?

నమస్కారం. సికింద్రాబాద్ వైపు ఉన్న ఒక వృద్ధుల డే కేర్ కేంద్రంలో నేను వినోద కార్యక్రమాల సహాయకురాలిగా పనిచేస్తున్నాను. భోజనాలయ్యాక టీ వేళ వరకు, ఇరవై మందికి పైగా పెద్దలను ఒకచోట చేర్చి ఏదో ఒకటి ఆడించడం నా బాధ్యత.

తంబోలా బాగానే సాగుతోంది. టికెట్‌కు 15 అంకెలే కనుక వాటిని అట్టలపై పెద్దగా రాసి, చేతులు వణికేవారు పెన్నుతో ఇబ్బంది పడకుండా చింతగింజలు ఇస్తున్నాను. ఉర్దూ మాట్లాడేవారూ ఉన్నందున "డెబ్బై రెండు, బహత్తర్" అని రెండు భాషల్లోనూ పిలుస్తాను. అయితే రోజూ తంబోలాయేనా అని వారే అడుగుతున్నారు. అష్టాచమ్మాకు నలుగురు, వామనగుంటలకు ఇద్దరు మించి కూర్చోలేరు, మిగిలినవారు కాసేపు చూసి కునుకు తీస్తారు. అంత్యాక్షరి పెడితే గొంతున్న ముగ్గురే పాడుకుంటారు, చెవులు సరిగా వినపడనివారు మౌనంగా ఉండిపోతారు.

కుర్చీలో నుంచి లేవకుండానే అందరూ పాల్గొనగలిగే, జ్ఞాపకశక్తి తగ్గినవారిని నలుగురిలో ఇబ్బంది పెట్టని కార్యక్రమాలను, ఇలాంటి కేంద్రాల్లో పనిచేసినవారు దయచేసి తెలియజేయగలరు. బతుకమ్మ పాటలను చప్పట్లతో కూర్చునే పాడించినవారు ఉంటే, తాళం కలవనివారిని ఎలా కలుపుకున్నారో కూడా చెప్పండి. పసిపిల్లల ఆటలు మాత్రం వద్దని మనవి; బెలూన్ అందిస్తే దాన్ని పక్క కుర్చీలో పెట్టి పేపరు తెరిచే విశ్రాంత హెడ్మాస్టారు మా దగ్గర ఉన్నారు.