ఏంజెల్ ఐలాండ్ చూసొచ్చాం. చైనా వాళ్ల మీద అమెరికా పెట్టిన నిషేధం గురించి తెలిసినవాళ్లు చెప్పండి

శ్రీను_బేఏరియా: పోయిన శనివారం టిబురాన్‌లో ఫెర్రీ ఎక్కి పిల్లలతో శాన్‌ఫ్రాన్సిస్కో బేలో ఉన్న ఏంజెల్ ఐలాండ్ దీవికి వెళ్లాం. 1910 నుంచి 1940 దాకా ఓడ దిగిన చైనా వాళ్లను అక్కడే ఆపేవారట. కొందరిని నెలల తరబడి. చెక్క గోడల మీద వాళ్లు చెక్కుకున్న పద్యాలున్నాయి. పైన పెయింటు వేసేసినా అక్షరాల గాట్లు తెలుస్తూనే ఉన్నాయి. మా అమ్మాయి "ఇది జైలా నాన్నా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

పద్మజ_శాక్రమెంటో: శ్రీను గారూ, జైలనే చెప్పండి. చైనా వాళ్ల రాకను నిషేధిస్తూ వచ్చిన 1882 చట్టం ఆపింది కూలీలను. వ్యాపారులు, విద్యార్థులు రావచ్చు, పౌరుల పిల్లలూ రావచ్చు. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం తర్వాత లేచిన మంటల్లో జనన రికార్డులు కాలిపోయాయి. దాంతో చాలామంది ఇక్కడే పుట్టామని చెప్పుకున్నారు, ఊళ్లో కుర్రాళ్లను తమ కొడుకులుగా కాగితాల మీద రాయించి రప్పించారు. వాళ్లనే 'కాగితపు కొడుకులు' అంటారు. అధికారులు అడిగే ప్రశ్నలు చూడండి: మీ వీధిలో ఇళ్లెన్ని? గుమ్మానికి మెట్లెన్ని? బియ్యం డబ్బా ఏ మూల ఉంటుంది? తండ్రి జవాబు, కొడుకు జవాబు కలవకపోతే వెనక్కి పంపేయొచ్చు. నిజం కొడుకైనా తడబడతాడు. మా పుట్టింటి మెట్లెన్నో నాకిప్పటికీ తెలియదు.

రమణ_యూటా: మేం ప్రామంటరీ వెళ్లాం. 1869 మే 10న తూర్పు నుంచి, పడమర నుంచి వేసుకొచ్చిన రైలు పట్టాలు కలిసిన చోటు. సియెర్రా కొండల్ని తొలిచిన సెంట్రల్ పసిఫిక్ రైలు కంపెనీ కూలీల్లో అత్యధికులు చైనా వాళ్లే. 1867లో తెల్లవాళ్లతో సమానంగా జీతం కావాలని పని ఆపితే, కంపెనీ తిండి సరుకులు ఆపేసింది. వారం రోజుల్లో సమ్మె ఆగిపోయింది. కొండ మీద ఆకలితో ఎన్నాళ్లని ఉంటారు?

అనిత_డాలస్: నన్ను కదిలించింది చే చాన్ పింగ్ కేసు. పన్నెండేళ్లు ఇక్కడ పనిచేసి, తిరిగి రావచ్చని ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని 1887లో ఊరెళ్లాడు. అతను తిరిగొచ్చే ఓడలో ఉండగానే, 1888 అక్టోబరు 1న, ఆ సర్టిఫికెట్లన్నీ చెల్లవని చట్టం వచ్చింది. వారం తర్వాత రేవుకు చేరితే దిగనివ్వలేదు. సుప్రీంకోర్టూ అతని మాట వినలేదు.

నాన్న కర్మకాండలకని వెళ్లి, వీసా స్టాంపింగ్ కుదరక నేను నాలుగు నెలలు హైదరాబాద్‌లో ఉండిపోయాను. బాబు ఇక్కడ ఉన్నాడు. రోజూ వీడియో కాల్‌లో "రేపొస్తావా అమ్మా" అనేవాడు. చాన్ పింగ్ కష్టం ముందు నాది ఎంత? కానీ ఓడ మీద నిలబడి ఒడ్డు చూస్తున్న మనిషి టెన్షన్ నాకు కాస్త తెలుసు.

వేణు_న్యూజెర్సీ: మనకూ ఇది పరాయి కథ కాదండి. 1917 చట్టం ఇండియా వాళ్లనూ ఆపింది. చైనా వాళ్లకు 1943లో తలుపు తీశారు, ఏడాదికి 105 మందికి! మనకు 1946లో, 100 మందికి. మన పిల్లలు ఇక్కడ పుడితే పౌరులయ్యేదీ ఇక్కడే పుట్టిన చైనా వాళ్ల బిడ్డ, వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు 1898లో కేసు గెలవబట్టే.

శ్రీను_బేఏరియా: అందరికీ థాంక్స్. పద్మజ గారూ, రాత్రి అమ్మాయికి ఆ ప్రశ్నలు చదివి వినిపించాను. వెంటనే లేచి వెళ్లి మా ఇంటి మెట్లు లెక్కపెట్టి వచ్చింది. పద్నాలుగట.