అభ్యర్థి అఫిడవిట్‌ని తప్పు లేకుండా చదవడం ఎలా?

లంక_పాఠకుడు

కొత్తపేట దగ్గర మా ఊరి గ్రంథాలయంలో, కొత్తగా ఓటు వచ్చిన పిల్లలకి అభ్యర్థుల వివరాలు ఫోన్లో ఎలా చూసుకోవాలో నేర్పుదామనుకుంటున్నామండి. సాధన కోసం మళ్ళీ మళ్ళీ పోటీ చేసిన కొందరివి 2019, 2024 అఫిడవిట్లు తీసి పక్కపక్కన పెట్టాం. మూడు చోట్ల ఆగిపోయాం.

పేరు కొట్టి వెతికితే ఒకోసారి వేరే మనిషి వస్తున్నాడు. ఇంకొకటి, అయిదేళ్ళలో ఆస్తి విలువ రెట్టింపు దాటింది కానీ, ఐటీ రిటర్నులో ఆదాయం ఏడాదికి అయిదారు లక్షలే ఉంది. ఇది అనుమానించాల్సిందా, కాదా? మూడోది, వాట్సాప్‌లో తిరిగే కార్డుల మీద "కేసులు 9" అని పెద్దక్షరాలతో ఉంటుంది తప్ప అవేం కేసులో ఉండదు.

ఎవరికి ఓటెయ్యాలో చెప్పమని కాదండి. ఎలా చూడాలో చెప్పండి చాలు.

గౌతమి_గట్టు

పేరుతో వెతక్కండి. ఇంటిపేరు ముందు పెట్టి ఒకరు, వెనక పెట్టి ఒకరు, పొడి అక్షరాలతో ఒకరు నామినేషన్ వేస్తారు. పైగా ఇంగ్లీషు అక్షరాల్లో సత్యనారాయణ అనే ఒక్క పేరే నాలుగు రకాలుగా ఉంటుంది. ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్లో ఎన్నిక, రాష్ట్రం, నియోజకవర్గం ఎంచుకుంటూ దిగండి. 2024లో వాడిన 'నో యువర్ క్యాండిడేట్' యాప్‌లోనూ అంతే.

మన వైపు వాళ్ళు తరచూ పడే గొయ్యి గన్నవరం. కోనసీమలో మనం పి.గన్నవరం అంటాం, జాబితాలో మాత్రం ఉత్త గన్నవరం ఎస్సీ అనే ఉంటుంది, సంఖ్య 46. కృష్ణా వైపు గన్నవరం సంఖ్య 71. కొత్తపేట 47. రాష్ట్రం విడిపోక ముందు పేజీల్లో ఈ సంఖ్యలు వేరు, తెలంగాణ స్థానాలు ముందుండేవి. అందుకని 2009 అఫిడవిట్ తీసేటప్పుడు సంఖ్యని నమ్మకుండా పేరూ రిజర్వేషనూ చూడాలి. కోనసీమ జిల్లా 2022లో వచ్చింది కాబట్టి పాత పేజీల్లో తూర్పుగోదావరి అని ఉన్నా కంగారు పడక్కర్లేదు, నియోజకవర్గం అదే.

నియోజకవర్గం తెరిచాక "పోటీలో ఉన్నవారు" అనే వడపోత పెట్టండి. లేకపోతే ఉపసంహరించుకున్నవాళ్ళు, తిరస్కరణకు గురైనవాళ్ళు, ప్రధాన అభ్యర్థికి తోడుగా నామినేషన్ వేసిన ఇంట్లోవాళ్ళు అందరూ కలిసి కనపడతారు. ఒకే పేరున్న స్వతంత్రులు ఉంటే ఫోటో, తండ్రి లేదా భర్త పేరు చూసుకుని నిర్ధారించుకోండి.

ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా నామినేషన్ వెయ్యొచ్చు, అందుకే ఒకరి కింద రెండు మూడు అఫిడవిట్లు ఉంటాయి. గడి ఖాళీగా వదిలితే రిటర్నింగ్ అధికారి మళ్ళీ పూర్తిగా నింపి ఇమ్మంటారు (2013లో సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం ఖాళీ గడులు కుదరవు). కాబట్టి తేదీ చూసి ఆఖరిదే చదవండి.

పద్దు_చూసేవాడు

ఆస్తుల సంగతి నేను చెబుతాను. చాలామంది తప్పు చదివేది ఇక్కడే.

అఫిడవిట్ అంటే ఫారం 26. ఆఖర్న పార్ట్ బి అని ఓ సారాంశం పట్టిక ఉంటుంది, కార్డులు తయారుచేసేవాళ్ళు అందులోంచే మొత్తాలు ఎత్తుకుంటారు. మీరు పార్ట్ ఏ లోని 7వ అంశానికి వెళ్ళండి. చరాస్తులు ఒక పట్టిక, స్థిరాస్తులు ఒక పట్టిక. అడ్డంగా గడులు: తను, జీవిత భాగస్వామి, ఉమ్మడి కుటుంబం, ఆధారపడినవాళ్ళు.

ముందు బంగారం. విలువ చూడకండి, బరువు చూడండి. 2019లో 500 గ్రాములు, 2024లో 500 గ్రాములే ఉన్నాయనుకోండి. విలువ గడి మాత్రం రెట్టింపు దాటుతుంది, ఎందుకంటే పెరిగింది ధర. అదే 500 కాస్తా 1,400 అయితే అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఉంది.

భూమికీ ఇదే పద్ధతి. ఒక్కో భూమికి ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వమా కాదా, కొన్న తేదీ, కొన్న ధర, దాని మీద పెట్టిన పెట్టుబడి, ఇప్పటి మార్కెట్ విలువ రాస్తారు. ఆఖరిది అంచనా. దాన్ని పోల్చి లాభం లేదు. రెండు అఫిడవిట్లలో ఎకరాలు, సెంట్లు కూడి పోల్చండి, కొన్న తేదీ 2019 తర్వాతదేమో చూడండి. కొత్తగా కొన్నది ఉంటే ఆ కొన్న ధర ఎక్కణ్ణించి వచ్చింది? ఆదాయమా, 8వ అంశంలో చూపిన అప్పా, వేరే ఆస్తి అమ్మకమా? అమ్మినట్టయితే పాత అఫిడవిట్లో ఉన్న భూమి కొత్తదాంట్లో మాయమై ఉండాలి. అసలు లెక్క ఇదీ.

ఇప్పుడు మీ అయిదారు లక్షల సంగతి. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. రిటర్నులో పన్ను పడే ఆదాయం వేరే, మినహాయింపు ఆదాయం వేరే. 4వ అంశంలో అయిదేళ్ళకి రాసే అంకె సాధారణంగా మొదటిదే. వరి, కొబ్బరి మీద బతికే ఇంట్లో ఆ గడి చిన్నగా ఉండటం తప్పు కాదు. 9ఏ లో ఆదాయ మార్గం వ్యవసాయం అని ఉందో లేదో చూడండి.

అయితే మన డెల్టాలో ఇక్కడో మెలిక ఉంది. చేపలు, రొయ్యల చెరువు ఆదాయం వ్యవసాయ ఆదాయం కింద రాదు, పన్ను పడుతుంది. భూమిని చెరువుకి ఇచ్చి తీసుకునే కౌలు కూడా అంతే. వృత్తి దగ్గర ఆక్వా అని రాసి, పదుల ఎకరాల చెరువులు చూపించి, అయిదేళ్ళూ రిటర్నులో అయిదు లక్షలే ఉంటే, నష్టాలొచ్చాయా అని అడగొచ్చు. రొయ్యకి తెగులొస్తే నిజంగానే నష్టం వస్తుంది కాబట్టి అడగడం వరకే, తేల్చెయ్యకండి.

ఇంకొకటి గుర్తుంచుకోండి. సంపాదన మొదలుపెట్టిన కొడుకు ఆధారపడినవాడు కాదు, అతని ఆస్తి ఈ కాగితంలో ఉండదు. ఆస్తి తగ్గినట్టు కనిపిస్తే, కొడుక్కి రాసిచ్చిన అవకాశం ఉంది.

లంక_పాఠకుడు

చాలా బాగా విప్పి చెప్పారండి. సర్వే నంబర్లని మీభూమిలో (రాష్ట్ర ప్రభుత్వ భూమి రికార్డుల సైటు) సరిచూద్దామంటే 2019 నంబరుకీ 2024 నంబరుకీ పొంతన లేదు. ఇది తప్పుగా చూపించినట్టా?

పద్దు_చూసేవాడు

కాకపోవచ్చండి. రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబరు పోయి ల్యాండ్ పార్శిల్ నంబరు వచ్చింది. కొలతలో విస్తీర్ణం కూడా కొన్ని సెంట్లు అటూ ఇటూ అవుతుంది. ముందు ఆ ఊరు రీసర్వే అయిందో లేదో కనుక్కుని, ఆ తర్వాత 1-బి, అడంగల్ చూడండి. మీభూమిలో పేరు లేనంత మాత్రాన భూమి ఆయనది కాదనీ చెప్పలేం, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఆగి ఉండొచ్చు.

కోర్టు_కాగితం

కేసుల దగ్గర అంకె కంటే వివరాల గడులు ముఖ్యం. ఫారం 26లో 5వ అంశం పెండింగ్ కేసులు, 6వది శిక్ష పడినవి. ప్రతి కేసుకీ పోలీస్ స్టేషను, ఎఫ్‌ఐఆర్ నంబరు, కోర్టు, సెక్షన్లు, కోర్టులో అభియోగాలు (ఛార్జెస్) నమోదయ్యాయా లేదా, అయితే ఏ తేదీన, అన్నీ రాయాలి.

పాత కేసులు ఐపీసీ సెక్షన్లలో ఉంటాయి. 188 అంటే అధికారి ఉత్తర్వు ఉల్లంఘన, 341 అంటే దారి అడ్డగించడం. ధర్నాలు, రాస్తారోకోల్లో ఇవే పడతాయి. 307 హత్యాయత్నం, 420 మోసం. 188లు తొమ్మిది ఉన్నవాణ్ణీ, 420 ఒక్కటి ఉండి అభియోగాలు నమోదైనవాణ్ణీ "9", "1" అని కార్డు మీద పోలిస్తే ఏం తెలుస్తుంది? 2024 జులై 1 నుంచి జరిగిన నేరాల కేసులు బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) నంబర్లతో వస్తాయి: 188 బదులు 223, 307 బదులు 109, 420 బదులు 318(4). పిల్లలకి ఈ నాలుగు ముక్కలూ ఒక అట్ట మీద రాసి గోడకి తగిలించండి.

మైనేతా (అఫిడవిట్ల వివరాలు ఎక్కించే ఓ స్వచ్ఛంద సంస్థ సైటు) లో తీవ్రమైన కేసుల్ని విడిగా చూపిస్తారు, మళ్ళీ పోటీ చేసినవాళ్ళ ఆస్తుల పోలిక కూడా ఉంటుంది. పని తేలికవుతుంది. కానీ అది స్కాన్ కాగితం చూసి మనుషులు ఎక్కించినది, అక్షరం చెదిరినచోట అంకె తేడా రావచ్చు. పెద్ద విషయమేదైనా కనపడితే అసలు పీడీఎఫ్ తెరిచి చూశాకే నలుగురికీ చెప్పండి. ఆ పీడీఎఫ్ బొమ్మ రూపంలో ఉంటుంది కనక లోపల వెతుకులాట పనిచెయ్యదు, పేజీలు తిప్పాల్సిందే.

కేసులున్న అభ్యర్థి వాటిని పత్రికల్లోనూ టీవీలోనూ మూడుసార్లు ప్రకటించాలి. పార్టీ అయితే, కేసులు లేనివాళ్ళని కాదని ఈయన్నే ఎందుకు ఎంచుకుందో తన వెబ్‌సైట్లో రాయాలి. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం అది. ఆ కారణాల కాగితాలు నాలుగు తీసి చదివించండి. అందరికీ ఒకటే వాక్యం అతికించారో, మనిషిని బట్టి రాశారో పిల్లలే చెప్పేస్తారు.

వైనతేయ

ఇప్పటికే పదవిలో ఉన్నవాళ్ళ పని చూడ్డానికి ఇంకో దారి ఉంది. ఎంపీ అయితే పీఆర్‌ఎస్ (చట్టసభల పని మీద పరిశోధన చేసే సంస్థ) సైట్‌లో హాజరు, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు ఉంటాయి. మంత్రులు హాజరు పట్టీలో సంతకం పెట్టరు, వాళ్ళ గడి ఖాళీగా ఉంటే సభకి రాలేదని అర్థం కాదు.

ప్రశ్నల సంఖ్య దగ్గర ఆగకండి, సంసద్ పోర్టల్లో (పార్లమెంటు వెబ్‌సైటు) ప్రశ్నా జవాబూ పూర్తిగా దొరుకుతాయి. ఉదాహరణకి కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయల మీదా వంతెనలు కావాలి, ఏళ్ళ తరబడి నడుస్తోంది. దాని మీద ఎవరు ఎప్పుడు ఏం అడిగారో, రైల్వే శాఖ ఏ ఏడు ఏం జవాబిచ్చిందో వరసగా పేర్చితే మాట ఎక్కడ మారిందో కనపడుతుంది. ఇంగ్లీషులో నర్సాపూర్, నరసాపురం, కోటిపల్లి చివర ఐ, వై, ఇలా అన్ని స్పెల్లింగులతోనూ వెతకాలి.

మురుగు కాలవ పూడిక గురించి మాత్రం ఎంపీ ప్రశ్నల్లో వెతకడం సరికాదు, అది ప్రధానంగా రాష్ట్రం పని. శాసనసభ సైట్‌లో ప్రశ్నల జాబితాలు చూడండి.

సమయం కూడా చెప్పండి పిల్లలకి. 2024లో మనకి నామినేషన్ల ఆఖరు ఏప్రిల్ 25, ఉపసంహరణ 29, పోలింగ్ మే 13. అంటే తుది జాబితా చేతికొచ్చాక ఉన్నది రెండు వారాలే. పాత అఫిడవిట్లు ఇప్పుడే దించుకుని ఉంచుకుంటే ఆ రెండు వారాల్లో కొత్తవాటితో పోల్చడం ఒక్కటే మిగులుతుంది.

లంక_పాఠకుడు

అందరికీ ధన్యవాదాలండి. పంచాయతీ ఎన్నికలకి కూడా ఇదే యాప్ పనికొస్తుందా?

గౌతమి_గట్టు

రాదండి. అవి నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, సర్పంచి అభ్యర్థులు ఆ యాప్‌లో కనపడరు. ఓటర్ల జాబితా కూడా వార్డుల వారీగా వేరే వేస్తారు. కేంద్ర ఎన్నికల సంఘం యాప్‌లో పేరుందని ఊరుకోకుండా పంచాయతీ ఆఫీసులో పెట్టిన జాబితాలో ఏ వార్డులో పడిందో చూసుకోమనండి.