అప్‌డేట్: వాయించాక డోలక్ వదులు చెయ్యాలా? మా డోలక్ సంగతి తేలింది

శనివారం భజన అయ్యాక తాళ్ల డోలక్‌ను వదులు చేసి పెట్టాలా, అలాగే ఉంచాలా అని మార్చిలో అడిగాను. కుడి మూత (వాయించే చర్మం) అంచున చిన్న చీలిక కనబడి చాలా టెన్షన్ పడ్డాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

కడపలోనే మూతలు వేసే ఒక పెద్దాయనకు చూపించాను. చీలికను వేలితో తడిమి, "ఎప్పుడు బిగించినావు నాయనా?" అన్నాడు. వానల్లో అని చెప్పాను. అప్పుడు తేమకు చర్మం సాగి నాదం మెత్తబడితే, తాళ్ల మీద జరిపి బిగువు, వదులు చేసే రింగులను చివరిదాకా లాగి బిగించాను. ఎండలు మొదలయ్యాక అదే చర్మం ఆరి ముడుచుకుంది. పైగా డోలక్ ఉండేది రేకుల గదిలో. మన ఎండల్లో ఆ గది ఎంత కాగుతుందో చెప్పక్కర్లేదు. ఆ లాగుడుకే అంచు తెగింది.

'తాడు విప్పొద్దు, రింగులు మాత్రం వెనక్కి జరుపు' అని మీలో కొందరిచ్చిన సలహానే సరైనదని ఆయన కూడా చెప్పాడు. అంతకుముందు ఒకసారి తాడంతా వదులు చేస్తే మూత పక్కకు జరిగి, శృతి కుదరడానికి ఒక పూట పట్టింది. కొత్త మూత వేయించి, ఎండాకాలమంతా రింగులు జరిపి, బట్ట చుట్టి లోపలి గదిలో పెట్టాను. ఇప్పటికి బాగుంది, నాదం కూడా నాకు పాతదానికన్నా నచ్చింది.

జవాబుల్లో వచ్చిన కొబ్బరినూనెకు, తాడు రకానికి ఈ చీలికతో సంబంధం లేదు. మృదంగాన్ని రోజూ వదులు చెయ్యరు కదా అన్నారొకరు. నిజమే, కానీ దానికి ఇలా జారే రింగులుండవు.